తాగునీరు, పొడిచర్మం: నల్లగొండ, పాలమూరు మెట్టప్రాంతాలు

చర్మం పొడిబారిందంటే నీళ్ళు తక్కువ తాగుతున్నట్టే అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. ఇందులో నిజం ఉంది గానీ సగమే. ఒంట్లో నీరు తక్కువైన మనిషి సరిపడా తాగడం మొదలుపెడితే చర్మంలో తేమ కొంత పెరుగుతుంది. ముందు నుంచే సరిపడా తాగేవారు ఇంకో రెండు చెంబులు తాగినా చర్మానికి ఒరిగేది స్వల్పం. చర్మం పొడిబారడానికి అసలు మూలం చాలావరకు దాని పైపొరలో ఉంటుంది. వచ్చిన తేమను ఆ పొర పట్టి ఉంచలేనప్పుడు ఒళ్ళు గీరుకుపోతుంది, పొట్టు లేస్తుంది, మడమలు పగులుతాయి.

దక్షిణ తెలంగాణ మెట్టనేలల్లో ఈ విషయానికి ఇంకో మెలిక ఉంది. నల్లగొండ పల్లెల్లో తరాల పాటు బోరునీళ్ళు, బావినీళ్ళే ఫ్లోరైడ్‌ను మోసుకొచ్చి పళ్ళనూ ఎముకలనూ దెబ్బతీశాయి. కాబట్టి ఇక్కడ ఎన్ని నీళ్ళు తాగాలన్న ప్రశ్నకు ముందు ఏ నీళ్ళు తాగాలన్న ప్రశ్న వస్తుంది.

ప్రాంతం, వాతావరణం

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలు చాలావరకు కృష్ణానదికి ఉత్తరాన ఉన్న గ్రానైటు పీఠభూమి మీద పరుచుకుని ఉన్నాయి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడ్డాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడివడ్డాయి. 2019లో నారాయణపేట వేరే జిల్లా అయింది. జనం నోట మాత్రం మహబూబ్‌నగర్ ఇప్పటికీ పాలమూరే.

ఈ ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు. నల్లగొండ వేసవిలో ఎండ 45 డిగ్రీల సెల్సియస్ దాకా వెళుతుంది. చర్మం మీద ఇక్కడి ఏడాది రెండు రకాలుగా పనిచేస్తుంది. మార్చి నుంచి జూన్ దాకా వడగాలి చెమట రూపంలో ఒంట్లోని నీటిని లాగేస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాహం పెద్దగా వేయదు గానీ, పొడిగాలి చర్మం పైపొరలోని తేమను పీల్చేస్తుంది. పిక్కల మీద తెల్లటి గీతలు, పగిలిన పెదాలు ఎక్కువగా కనిపించేది ఈ చలికాలంలోనే.

చర్మం పైపొర ఎలా ఉంటుంది

చర్మంలో బయటి ప్రపంచానికి అడ్డుగా నిలిచే భాగం చాలా పలుచన. ముంజేతి మీద దాని మందం మిల్లీమీటరులో నూరో వంతు నుంచి యాభయ్యో వంతు వరకే ఉంటుంది. రాసుకునే కాగితం కూడా దానికన్నా కొన్ని రెట్లు మందం. వైద్యులు స్ట్రాటం కార్నియం అని పిలిచే ఈ పొరలో ప్రాణంలేని కణాలు పదిహేను, ఇరవై వరసలుగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సందులను సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు పూడ్చి ఉంచుతాయి. కణాలు ఇటుకలైతే కొవ్వులు వాటిని కలిపే సున్నం. అమెరికా చర్మవైద్యుడు పీటర్ ఎలియాస్ 1980ల్లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పోలికను వైద్యపాఠాల్లో నేటికీ చెబుతున్నారు. కణాల లోపల నీటిని పట్టి ఉంచే సహజ పదార్థాలు కొన్ని ఉంటాయి. అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టేట్ ఆ కోవలోవి.

లోపలి సజీవ కణాల్లో నీరు దాదాపు 70 శాతం ఉంటుంది. పైపొరకు వచ్చేసరికి అది 15 నుంచి 30 శాతానికి దిగుతుంది. 10 శాతం కన్నా తగ్గితే పొర బిరుసెక్కి పగుళ్ళు తేలుతుంది. చెమట పట్టకపోయినా ఈ పొర గుండా రోజుకు సుమారు 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీరు ఆవిరై పోతూనే ఉంటుంది. కొవ్వు పూత దెబ్బతింటే ఈ ఖర్చు ఇంకా పెరుగుతుంది. చిల్లుబడ్డ కుండలో ఎన్ని నీళ్ళు పోసినా నిలవనట్టే, పూత చెడిన చర్మానికి లోపలి నుంచి ఎంత నీరు అందినా నిలవదు.

అరచేతుల్లో, అరికాళ్ళలో నూనె గ్రంథులు ఉండవు. పైగా అక్కడి పైపొర మిగతా ఒంటి మీద కన్నా చాలా మందం. చెప్పుల్లేకుండా దుక్కిలో, బండల మీద తిరిగే కాలి మడమ ముందుగా పగలడానికి కారణం ఇదే.

తాగిన నీరు చర్మానికి చేరుతుందా

తాగిన నీరు పేగుల నుంచి రక్తంలో కలిసి అన్ని అవయవాలకూ పంపకమవుతుంది. చర్మం లోపలి మందపాటి పొరలో రక్తనాళాలు ఉంటాయి కాబట్టి నీరు అక్కడి దాకా వస్తుంది. అక్కడి నుంచి పైపొరలోకి మెల్లగా ఊరాల్సిందే. ఒంట్లో నీరు ఎక్కువైతే మూత్రపిండాలు వెంటనే బయటికి పంపేస్తాయి, చర్మంలో దాచిపెట్టవు.

2015లో పోర్చుగల్ పరిశోధకులు 49 మంది మహిళల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. వారితో నెల రోజుల పాటు రోజూ 2 లీటర్ల నీరు అదనంగా తాగించి, చర్మంలో తేమను పరికరాలతో కొలిచారు. అంతకుముందు నీరు తక్కువగా తీసుకునేవారిలో మార్పు స్పష్టంగా కనిపించింది. మొదటి నుంచీ బాగా తాగేవారిలో అంత మార్పు లేదు. 2018లో బెర్లిన్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి పరిశీలించారు. అదనపు నీటితో పైపొర తేమ కొద్దిగా పెరగవచ్చనీ, అది తక్కువ తాగేవారిలోనే ఎక్కువగా కనిపిస్తుందనీ, ఆధారాలు మాత్రం బలహీనంగా ఉన్నాయనీ తేల్చారు. వయసు మళ్ళినవారి పొడిచర్మానికి ఇది పనిచేస్తుందని చెప్పగలిగే రుజువు వారికి దొరకలేదు.

పొడిచర్మం వేరు, నిర్జలీకరణం వేరు

రెండూ ఒకటేనని పొరబడితే ప్రమాదం రెండువైపులా ఉంది. పొడిచర్మం పైపొర సమస్య. నిర్జలీకరణం ఒంటి మొత్తం సమస్య. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ వంటివాటిలో నీటితో పాటు లవణాలూ పోతాయి. నోరు ఎండుతుంది, కళ్ళు గుంటలు పడతాయి, మూత్రం చిక్కటి పసుపు రంగులో కొద్దిగా వస్తుంది. పిల్లల్లో దీన్ని గుర్తించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక చిన్న పరీక్ష నేర్పుతుంది. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో మడతలా పట్టి వదిలితే, అది 2 సెకన్లు దాటినా యథాస్థితికి రాకపోతే నిర్జలీకరణం తీవ్రంగా ఉన్నట్టు. వెంటనే ఓఆర్ఎస్, వైద్యం అందాలి.

పెద్దవయసువారిలో చర్మం సాగేగుణం ఎలాగూ తగ్గిపోతుంది గనక ఈ మడత పరీక్షను నమ్మలేం. పిక్కలు పొట్టు లేస్తున్న ముసలమ్మకు ఒంట్లో నీరు సరిపడా ఉండవచ్చు. నున్నటి చర్మమున్న పడుచువాడు కంది చేనులో వడదెబ్బకు దగ్గరలో ఉండవచ్చు. చర్మాన్ని చూసి దాహాన్ని కొలవకూడదు.

ఏ నీళ్ళు: ఫ్లోరైడ్ గోస

భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యలోకం దృష్టికి తెచ్చిన తొలి వ్యాసం 1937లో వెలువడింది. అది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి రాసినది. నల్లగొండ జిల్లా రోగుల మీద సిద్దిఖీ అనే పరిశోధకుడు రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి పేర్లు ఫ్లోరైడ్ ముచ్చట వచ్చిన ప్రతిచోటా వినిపిస్తాయి.

కారణం నేలలోనే ఉంది. ఇక్కడి గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. లోతు పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు వాటిని కరిగించుకుంటుంది. నీటిలో క్షారగుణం ఎక్కువై, కాల్షియం తక్కువైన చోట ఇంకా ఎక్కువగా కరుగుతుంది. బోరు ఎంత లోతుకు పోతే ఆ నీరు అంతకాలం రాయితో కలిసి ఉన్నదయ్యే అవకాశం ఎక్కువ. వాన తక్కువ కావడంతో భూగర్భజలం పలుచబడే వీలూ లేదు.

భారత ప్రమాణాల సంస్థ లెక్కన తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకపోవడం మేలు. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. ఎక్కువ నీళ్ళు తాగమనే సలహా ఇక్కడే చిక్కులో పడుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉన్న నీటిని ఇంటిపట్టున ఉండే మనిషి 2 లీటర్లు తాగితే ఒంట్లోకి 8 మిల్లీగ్రాములు చేరతాయి. ఎండలో తవ్వేవాడు అదే నీటిని 5 లీటర్లు తాగితే 20 మిల్లీగ్రాములు. తిండితో కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరిగే సూచనలున్నాయనీ, 14 దగ్గర ముప్పు స్పష్టమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందరికన్నా ఎక్కువ దాహం వేసిన మనిషికే అందరికన్నా ఎక్కువ విషం ఎక్కింది. కష్టజీవికి జరిగిన ఈ అన్యాయాన్ని ఏ పట్టికా పూర్తిగా చూపలేదు.

ఫ్లోరైడ్ చర్మాన్ని పొడిబారుస్తుందని అనుకోవద్దు. అది దెబ్బతీసేది పళ్ళను, ఎముకలను, కీళ్ళను. చిన్ననాట పళ్ళ మీద సున్నపు మరకలు, తర్వాత గోధుమరంగు గారలు వస్తాయి. ముదిరితే మెడ, నడుము బిగుసుకుపోతాయి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ ప్రాంతాల యువకుల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో నమోదు చేశారు.

ఈ నీటిని శుద్ధిచేయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970ల్లో ఒక పద్ధతి రూపొందించింది. నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి తిప్పితే ఫ్లోరైడ్‌ను పట్టుకున్న మడ్డి అడుగుకు దిగుతుంది. పైనీటిని వడకట్టి వాడుకోవాలి. దీన్ని ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పిలుస్తుంది. తూర్పు ఆఫ్రికాలో టాంజానియా వంటి దేశాలూ దీన్ని ప్రయత్నించాయి. నీటిని కాచడం మాత్రం ఇందుకు పనికిరాదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలినదానిలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

మంచినీళ్ళ కోసం జిల్లా ప్రజలు గట్టిగానే కొట్లాడారు. జలసాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి పెద్దఎత్తున నామినేషన్లు పడ్డాయి. చివరికి 480 మంది పోటీలో నిలవడంతో బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగును వాయిదా వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కృష్ణా నీళ్ళు దశలవారీగా ఊళ్ళకు చేరాయి. నల్లా ద్వారా ఇంటింటికీ శుద్ధిచేసిన నదీజలాన్ని ఇచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. పథకం 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతంలోని కోమటిబండలో ప్రారంభమైంది. నల్లానీళ్ళు వచ్చిన ఊరిలోనైనా పొలం దగ్గర దాహమేస్తే కూలీ చేయిపెట్టేది బోరు కిందనే అన్నది మరవకూడదు.

ఎండలో పని, చాలని నీళ్ళు

పాలమూరు కూలీలు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి కాలువలు, ఆనకట్టలు తవ్వినవాళ్ళు. 2006లో ఉపాధి హామీ పథకం మొదటి దశలోనే మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు చేరాయి. పనిచోట తాగునీరు, నీడ కల్పించాలన్నది ఆ పథకపు చట్టంలోనే పెట్టిన నియమం.

ఎండలో బరువుపని చేసే మనిషి గంటకు లీటరు దాకా చెమట పోగొట్టుకోవచ్చు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగడం, పొద్దుగూకాక ఒకేసారి చెంబులకొద్దీ తాగడం కన్నా మంచిది. వెనక రోజుల్లో కూలికి పోయేవారు ఎండిన సొరకాయ బుర్రలో నీళ్ళు పోసుకుని గట్టున చెట్టు నీడన పెట్టుకునేవారు. సద్దితో పాటు పలుచటి సల్ల, తైదంబలి ఉండేవి. ఉప్పు కలిపిన సల్లలో నీరూ లవణమూ కలిసి ఉంటాయి కాబట్టి చెమటకు అది సరైన బదులు.

ఆడవాళ్ళ సంగతి వేరు. చాటు లేని పనిచోట, మరుగుదొడ్డి లేని బడిలో, బస్సు ప్రయాణంలో మూత్రానికి వెళ్ళే వీలు ఉండదని పొద్దుటి నుంచి గొంతు తడుపుకోకుండా ఉండే ఆడపిల్లలు ఎందరో. అధ్యయనాల్లో అదనపు నీటితో చర్మం మెరుగుపడ్డ తక్కువ తాగే వర్గం సరిగ్గా వీరిలాంటిది. నీళ్ళు తాగమని వారికి చెప్పే ముందు తలుపూ గొళ్ళెమూ ఉన్న మరుగుదొడ్డి కట్టాలి.

స్నానపు నీళ్ళు

లోపలికి పోయే నీటికన్నా పైన పోసుకునే నీరు కొన్నిసార్లు చర్మాన్ని ఎక్కువగా పొడిబారుస్తుంది. పప్పు ఉడకని, సబ్బు నురగరాని నీళ్ళను ఊళ్ళలో ఉప్పునీళ్ళనో చవుడునీళ్ళనో అంటారు. పప్పు ఉడకనీయనివి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం. సబ్బుతో కలిసి అవే తెల్లటి జిగురు మడ్డిగా మారతాయి. బకెట్ అంచున కట్టే ఆ గారే పలుచటి పొరగా చర్మం మీదా నిలుస్తుంది. బ్రిటన్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు 2018లో చేసిన ప్రయోగంలో కఠినజలంతో కడిగిన చర్మం మీద సబ్బు పదార్థం ఎక్కువగా మిగిలిపోయి మంట పుట్టించింది. అలాగని ఇంట్లో నీటిని మెత్తబరిచే యంత్రం పెడితే ఎగ్జిమా తగ్గుతుందనుకోవద్దు. 336 మంది పిల్లలతో బ్రిటన్‌లోనే చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో అలాంటి మేలు కనిపించలేదు.

కాలే నీళ్ళు ఒంటి కొవ్వును కడిగేస్తాయి. చలికాలంలో గోరువెచ్చని నీటితో త్వరగా స్నానం ముగించడం, సబ్బును చంకలు, గజ్జలు, పాదాల వరకే వాడడం, పిండి నలుగును గట్టిగా రుద్దకపోవడం మేలు.

నూనె రాసే వేళ

1952లో అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ బ్లాంక్ ఒక సాదా ప్రయోగం చేశాడు. అరికాలి నుంచి తీసిన గట్టిపడ్డ చర్మపు ముక్కలను ఎండబెట్టి, కొన్నిటిని నూనెలో, కొన్నిటిని నీటిలో నానబెట్టాడు. నూనెలో ఎంతసేపు ఉంచినా ముక్క పెళుసుగానే ఉండిపోయింది. నీటిలో వేసినది మెత్తబడి వంగింది. చర్మాన్ని మెత్తబరిచేది నీరేనని, నూనె పని ఆ నీటిని పోనివ్వకుండా మూతపెట్టడమేనని దీంతో తేలింది.

మడమల పగుళ్ళకు చేసే చాకిరీలో ఈ సూత్రమంతా ఉంది. రాత్రి పడుకోబోయే ముందు కాళ్ళను గోరువెచ్చని నీళ్ళలో పావుగంట ఉంచాలి. నానిన చర్మం తెల్లగా ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు గరుకురాయితో తేలిగ్గా రుద్ది, గుడ్డతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే ఆముదమో వ్యాజిలినో మందంగా పట్టించాలి. పైన పాత మేజోళ్ళు తొడిగితే పక్కబట్టలకు అంటదు. ఎండిన మడమకు నూనె రాస్తే మెరుపు వస్తుంది, పగులు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. షుగరు ఉన్నవారు కాళ్ళను రాయితో రుద్దకూడదు. తెలియకుండా తగిలిన చిన్న గాయం వారికి పుండవుతుంది.

నల్లగొండ, పాలమూరు ఆముదాల పంటకు పేరుపడ్డ జిల్లాలు. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని వ్యవసాయ పరిశోధనా స్థానం ఆముదం మీద పనిచేస్తోంది. చిక్కటి ఆముదం చర్మం మీద మూతలా నిలుస్తుంది. పెట్రోలియం జెల్లీ పైపొర నుంచి పోయే ఆవిరిని దాదాపు పూర్తిగా ఆపగలదు. ఫిలిప్పీన్స్‌లో 34 మంది మీద చేసి 2004లో ప్రచురించిన పరీక్షలో కొబ్బరినూనె కూడా మినరల్ ఆయిల్‌తో సమానంగా పొడిచర్మానికి పనిచేసింది. యూరియా ఉన్న లేపనాలు మందమైన పొట్టును కరిగించడంతో పాటు నీటిని పట్టి ఉంచుతాయి.

తిండి పాత్ర

పైపొరలో కణాలను సున్నంలా కలిపి ఉంచే పూత తయారు కావడానికి మంచి కొవ్వులు కావాలి. మోచేతుల మీద, తొడల మీద కప్పచర్మంలా గరుకు పొక్కులు లేచే ఫ్రైనోడెర్మా అనే జబ్బును ఒకప్పుడు విటమిన్ ఎ లోపమని మాత్రమే భావించేవారు. 1960ల్లో జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనలు దీనికీ శరీరం తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లాల కొరతకూ సంబంధం ఉందని చూపాయి. కుసుమనూనె, నువ్వులు, పల్లీలు ఆ కొవ్వులను ఇస్తాయి. మూడూ మెట్టచేలలో పండేవే. కాయగూరలు, పప్పుచారు, గటక, అంబలిలోని నీరు కూడా రోజు లెక్కలోకే వస్తుంది.

ఎంత తాగాలి

ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2010లో ఇచ్చిన సూచన ప్రకారం తిండిలోనిదీ కలిపి ఆడవారికి రోజుకు 2 లీటర్లు, మగవారికి 2.5 లీటర్ల నీరు సరిపోతుంది. అది చల్లటి దేశాల లెక్క. మెట్టప్రాంతపు వేసవిలో ఆరుబయట పనిచేసేవారికి అంతకు మించి కావాలి. మూత్రం లేత పసుపు రంగులో వస్తుంటే నీరు సరిపోతున్నట్టే. మూత్రపిండాల, గుండె జబ్బులున్నవారు వైద్యుడు చెప్పిన కొలత దాటకూడదు. తక్కువ వ్యవధిలో అతిగా నీళ్ళు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఆరోగ్యవంతులకూ ప్రాణాపాయం రావచ్చు.

నీళ్ళు సరిపడా తాగుతూ, నూనె రాస్తున్నా నెలల తరబడి దురద, పొట్టు తగ్గకపోతే థైరాయిడ్, షుగరు, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోవాలి. పుట్టినప్పటి నుంచి చేపపొలుసుల్లా ఉండే చర్మం వంశపారంపర్య సమస్య. దాన్ని నీళ్ళతో మాన్పలేం.

గ్రామంలో నీటి పరీక్ష

ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. తేటగా, తియ్యగా ఉన్న నీటిలోనూ అది ఉండవచ్చు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడడం నేర్పించాలన్న ఏర్పాటు ఉంది. గాజుగొట్టంలో బోరునీళ్ళు తీసుకుని మందు చుక్కలు వేస్తారు. ఫ్లోరైడ్ పెరిగినకొద్దీ గులాబీరంగు తగ్గి పసుపువైపు మారుతుంది. ఆ రంగును అట్టముక్క మీది రంగులతో పోల్చి చూస్తారు. ఐదు నిమిషాల పని. కూలీల బిందె ఏ బోరు కింద నిండాలో తేల్చేది ఆ రంగే. బిందె నిండాకే రోజుకు ఎన్ని గ్లాసులన్న లెక్క, ఆ తర్వాతే చర్మానికి అందే తేమ సంగతి.